ఫౌస్టీనా నాణేల వెంట రోములో

నాగార్జునకొండ తవ్వకాల్లో బయటపడిన రోమన్ బంగారు నాణేల్లో ఒకటి తిబేరియస్ చక్రవర్తిది. మరొకటి క్రీ.శ. 141 నాటిది. దాని మీద ఉన్న ముఖం ఒక స్త్రీది, పేరు ఫౌస్టీనా. ఆ నాణెం ముద్రించేనాటికే ఆమె చనిపోయింది, దేవత కూడా అయింది. ఇక్ష్వాకుల రాజధాని దాకా ఆమె ఎలా వచ్చిందో వర్తకుల చరిత్ర చెబుతుంది. అసలు నాణెం మీదికి ఎలా ఎక్కిందో తెలుసుకోవాలంటే మాత్రం రోములో చూడవలసిన చోట్లు కొన్ని ఉన్నాయి. మామూలు ప్యాకేజీ యాత్రలు వాటి పక్కనుంచే వెళ్లిపోతాయి, కానీ ఆగవు. అందుకే ఇది రాస్తున్నాను.

కథ క్లుప్తంగా చెబుతాను. ఆంటోనినస్ పయస్ 138లో చక్రవర్తి అయ్యాడు. రెండేళ్లు దాటిన కొద్ది నెలలకే, 140లో, భార్య ఫౌస్టీనా పోయింది. సెనేట్ ఆమెను దేవతగా ప్రకటించింది. ప్రాచీన రోము నడిబొడ్డున ఉన్న కూడలి ఫోరంలో గుడి కట్టారు, ఆమె పేరిట పేద ఆడపిల్లల పోషణకు ఒక నిధి ఏర్పాటు చేశారు, ఆ నిధి మీద కూడా నాణెం వేశారు. ‘దీవా ఫౌస్టీనా’ (దేవత అయిన ఫౌస్టీనా) అని రాసిన బంగారు, వెండి, కంచు నాణేలు ఆయన చనిపోయిన 161 దాకా వస్తూనే ఉన్నాయి. ఇరవై ఏళ్లు! రాజవంశానికి దైవత్వం అంటగట్టే రాజకీయం ఇందులో లేదని అనను. కానీ రాజకీయానికి ఇన్నేళ్లు అవసరం లేదు. ఆమె లేని రాజభవనంలో ఉండటం కన్నా ఆమెతో గ్యారా ద్వీపంలో ప్రవాసంలో ఉండటమే నయమని ఆంటోనినస్ ఒక ఉత్తరంలో రాశాడు. ఆ మాట ఇదే పేరున్న కూతురి గురించని కొందరు పండితులు వాదిస్తారు. నాణేలు చూశాక నేను భార్య పక్షమే.

ముందు ఎక్కడికి వెళ్లాలన్నది ఇక్కడ ముఖ్యం. అందరూ కొలోసియంతో మొదలుపెడతారు. మీరు తెర్మినీ రైల్వే స్టేషన్ ఎదురుగా ఉన్న పలాజో మాసిమో మ్యూజియంతో మొదలుపెట్టండి. సోమవారం సెలవు. రోము జాతీయ మ్యూజియం శాఖల్లో ఇది ఒకటి. పై అంతస్తులోని, అగస్టస్ చక్రవర్తి భార్య లివియా ఇంటి తోట కుడ్యచిత్రాల కోసం వచ్చేవారే ఎక్కువ. నాణేలు నేలమాళిగలో, బ్యాంకు లాకరు గదిలాంటి మందపాటి తలుపుల వెనక ఉంటాయి. ఇటలీ రాజు మూడో విత్తోరియో ఇమాన్యుయేలే జీవితమంతా పోగుచేసిన నాణేలు ఈ సేకరణకు పెద్ద ఆస్తి. గాజు పెట్టెల్లో భూతద్దాలున్నాయి, మీట నొక్కితే మనకు కావలసిన నాణెం మీదికి జరుగుతాయి. మ్యూజియంలో నాణేలు చూడటమంటే చుక్కల్ని లెక్కపెట్టడమే అనుకునేవారికి ఇదొక్కటి చాలు. నేలమాళిగ అప్పుడప్పుడు మూసి ఉంచుతారు కాబట్టి టికెట్టు తీసుకునే ముందే కౌంటరులో అడగండి.

ఫౌస్టీనాను గుర్తుపట్టడానికి లాటిన్ రానక్కర్లేదు. జడలు అల్లి, తల చుట్టూ తిప్పి, నడినెత్తిన కొప్పుగా చుట్టుకున్న రాణి ఆమె. కొన్నింటి మీద తల మీద ముసుగు ఉంటుంది. అసలు కథ నాణెం వెనకవైపున ఉంది. దైవత్వం ఇచ్చిన సందర్భాన్ని చెప్పే వాటిలో కొన్నింటి మీద నెమలి ఉంటుంది. మనకు నెమలి కనిపిస్తే కుమారస్వామి గుర్తొస్తాడు గానీ, అక్కడ అది జూనో దేవత పక్షి, చనిపోయిన రాణిని ఆకాశానికి మోసుకుపోయేది. ఇంకొన్నింటి మీద ఏనుగులు లాగే బండిలో ఆమె విగ్రహం ఊరేగుతుంది. శాశ్వతత్వానికి గుర్తుగా నిలబడిన స్త్రీమూర్తులు, ధాన్యదేవత సెరీస్, హోమాగ్ని దేవత వెస్టా కూడా వంతులవారీగా వస్తారు. వీటన్నిటి కంటే నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది గుడి బొమ్మ ఉన్న నాణెం. ముందువైపు ఆరు స్తంభాలు, మధ్యలో కూర్చున్న విగ్రహం. దాన్ని బాగా గుర్తుపెట్టుకోండి, మర్నాడు పనికొస్తుంది.

బస గురించి. మేము తెర్మినీ దగ్గర ఒక చిన్న వసతిగృహంలో దిగాము. మ్యూజియానికి నడిచి వెళ్లవచ్చు, విమానాశ్రయం రైలు అక్కడే ఆగుతుంది, ధరలూ నడివూరి కన్నా తక్కువ. లిఫ్టు ఉందన్నారు. ఉంది, కానీ మా అంతస్తుకు ఒక అంతస్తు కిందే ఆగిపోయేది. గది తాళానికి ఫోనులో సంకేతసంఖ్య పంపుతారు తప్ప పలకరించే మనిషి ఉండడు. రాత్రి ఆలస్యంగా దిగే కుటుంబాలకు, పెద్దవాళ్లకు ఇలాంటి చోటు వద్దు. పది నిమిషాలు దూరమైనా కౌంటరులో మనిషి ఉన్న హోటలే మేలు. బుకింగులో కట్టిన డబ్బు కాక, రోము నగరపాలక సంస్థ విధించే బస పన్ను తలకు ఇంతని విడిగా కట్టాలి. చాలా చోట్ల నగదే అడుగుతారు. తిండికి దిగులు లేదు. పిజ్జాను ముక్కలుగా కోసి, తూచి అమ్మే దుకాణాల్లో శాకాహారం ఎప్పుడూ ఉంటుంది. సుప్లీ అనే అన్నపు ఉండలు కొనే ముందు మాత్రం లోపల మాంసం ఉందేమో అడగండి. పియాజా విత్తోరియో చుట్టుపక్కల బంగ్లాదేశీ దుకాణాల్లో బియ్యం, పప్పు, పచ్చిమిర్చి దొరుకుతాయి. వీధి కుళాయిల్లో వచ్చే నీళ్లు నిక్షేపంలా తాగవచ్చు, సీసాలు కొనడం దండగ.

ఫోరానికి, పాలటైన్ కొండకు, కొలోసియానికి కలిపి ఒకే టికెట్టు. కొలోసియం సమయాలు ముందే అమ్ముడుపోతాయి కాబట్టి ఆన్‌లైన్లో తీసుకోవాలి. మేము డబ్బు కట్టి చేరిన బృందం గైడు ఫౌస్టీనా గుడి ముందు అరనిమిషం ఆగి, “ఇది తర్వాత చర్చి అయింది” అని చెప్పి కదిలిపోయాడు. గైడు మాట అబద్ధం కాదు. గుడి లోపల సాన్ లొరెంజో చర్చి ఉండబట్టే ఆ స్తంభాలు మిగిలాయి. చర్చి తలుపు ఇప్పుడు మెట్లకు చాలా ఎత్తున, గాలిలో వేలాడుతున్నట్టు ఉంటుంది. తలుపు పెట్టిన కాలంలో నేల మట్టం అంత ఎత్తున ఉండేది, తవ్వకాలతో పాత మట్టం బయటపడింది. మేము బృందాన్ని వదిలేసి అక్కడే కూర్చున్నాము.

ముందువైపు స్తంభాలు లెక్కపెట్టండి. ఆరు, నాణెం మీద ఉన్నట్టే. ఒక్కొక్కటి దాదాపు 17 మీటర్ల ఏకశిల, ఆకుపచ్చ చారల పాలరాయి. పైన రాసిన పేర్లలో మొదట ఆంటోనినస్‌ది, కింద ఫౌస్టీనాది. గుడి కట్టింది ఆమెకు, ఆయన పేరు చనిపోయాక చేర్చారు. పక్క గోడ పైభాగంలో గ్రిఫిన్ల (గద్ద తల, సింహం ఒళ్లు ఉన్న కల్పిత జంతువుల) వరుస ఇప్పటికీ స్పష్టంగా ఉంది. నాణెం ముందే చూసి రాకపోతే నేనూ దీన్ని మరో శిథిలంగానే దాటిపోయేవాణ్ణి.

రేవు పట్టణం ఓస్టియాలో దొరికిన ఒక శాసనం సంగతి అక్కడే మా ఆవిడకు చెప్పాను. ఆంటోనినస్, ఫౌస్టీనాల అన్యోన్యతకు గుర్తుగా, ఆ ఊళ్లో పెళ్లి చేసుకునే జంటలు వాళ్ల బలిపీఠం దగ్గర ప్రార్థన చేయాలని దాని సారాంశం.
“అన్యోన్యత ఎంతో ఆమెను కూడా అడిగారా?” అంది.
“ఆమె అప్పటికే దేవత.”
“అదే అంటున్నాను. దేవతలు ఫిర్యాదు చేయరుగా!”
జవాబు తోచలేదు. నాణేలన్నీ ఆయన వైపు మాటే చెబుతాయి, నిజమే.

వాటికన్ మ్యూజియాలు ఖరీదు, రద్దీ. అయినా ఈ కథ వెంట వచ్చినవారికి అక్కడ ఒక రాయి కోసం వెళ్లక తప్పదు. ఆంటోనినస్ స్మారక స్తంభం విరిగిపోగా మిగిలిన పీఠం చిత్రశాల పక్కన ఆరుబయట ప్రాంగణంలో ఉంది. రెక్కల యువకుడొకడు ఆ దంపతులిద్దరినీ వీపున మోసుకుంటూ పైకి ఎగురుతుంటాడు, రెండు పక్కలా రెండు గద్దలు. ఆమె పోయిన ఇరవై ఏళ్లకు ఆయన పోయాడు, శిల్పి మాత్రం ఇద్దరినీ ఒకే ప్రయాణం ఎక్కించాడు. జనమంతా సిస్టీన్ చాపెల్ వైపు తోసుకుపోతుంటే ఇక్కడ ప్రశాంతంగా నిలబడవచ్చు. సమయం లేనివారు వాటికన్ వదులుకోవచ్చు, పలాజో మాసిమోను మాత్రం వదులుకోవద్దు. వాళ్లిద్దరినీ ఖననం చేసిన, ఆంటోనినస్‌కు ముందటి చక్రవర్తి హేడ్రియన్ సమాధి, ఇప్పటి కాస్తెల్ సాంతాంజెలో కోట, వాటికన్ నుంచి నడకదూరమే. లోపల పోపుల కాలపు గదులే ఎక్కువ. ఫౌస్టీనా కోసమే అయితే వంతెన మీద నుంచి చూస్తే సరిపోతుంది.

రోము నాణేల్లో, చనిపోయాక దైవమైన హేడ్రియన్ ప్రియుడు ఆంటినోస్ కనిపించలేదేమని కొందరికి సందేహం రావచ్చు. హేడ్రియన్ చక్రవర్తి ఎంతో ప్రేమించిన ఈ బితినియా (ఇప్పటి టర్కీలోని ప్రాంతం) యువకుడు 130లో నైలు నదిలో మునిగి చనిపోయాడు. అతని పేరిట ఈజిప్టులో నగరమే వెలిసింది. కానీ సెనేట్ అతన్ని దేవుడిగా ప్రకటించలేదు, రోము టంకశాల అతనికి ఒక్క నాణెం కూడా వేయలేదు. అతని నాణేలు వేసినవి అలెగ్జాండ్రియా, స్మిర్నా, కొరింత్, అతని సొంత ఊరు బితినియోన్ వంటి గ్రీకు నగరాలు. కొన్నింటి మీద వాటిని సమర్పించిన పూజారుల పేర్లున్నాయి. మొక్కు తీర్చుకున్నట్టుగా. తాయెత్తులుగా వాడటానికి చిల్లు పొడిచినవీ దొరికాయి. రోములో అతని కోసం పించో కొండ ఎక్కండి. హేడ్రియన్ అతని స్మృతికి చెక్కించిన ఒబెలిస్కు (కొనదేలిన ఎత్తైన రాతి స్తంభం) తోట మధ్యలో ఉంది, టికెట్టు లేదు. తివోలిలోని హేడ్రియన్ విల్లాకు మెట్రో బి మార్గంలో పోంతె మమ్మొలో దిగి బస్సు పట్టుకోవాలి. పూట మొత్తం పడుతుంది, నీడ తక్కువ, వేసవిలో పెద్దవాళ్లను తీసుకెళ్లవద్దు.

ఇక కొనుక్కోవాలనే సరదా ఉన్నవారికి. ఆంటినోస్ నాణేలు అరుదు, ధర మనబోటివాళ్లకు అందదు. నకిలీలు తయారుచేయడం పునరుజ్జీవన కాలంలోనే మొదలైంది. ఫౌస్టీనా వెండి దినారియస్ మన రూపాయి బిళ్ల కన్నా కాస్త చిన్నది. అవి విస్తారంగా మిగలడం వల్ల ప్రాచీన రోమన్ నాణేల్లో చవకైన వాటిలో చేరాయి. ఫోరం బయట బల్లల మీద అమ్మేవి కొత్తగా పోతపోసిన బిళ్లలు, జ్ఞాపికగా అయితే సరే. అసలైనది కావాలంటే రశీదు, ఎగుమతి పత్రాలు రెండూ ఇచ్చే వ్యాపారి దగ్గరే తీసుకోండి. ఇటలీలో పురావస్తువుల చట్టం కఠినం, పత్రాలు లేని నాణెంతో విమానాశ్రయానికి వెళ్లవద్దు.