హైదరాబాద్ నుంచి దుబాయ్ ఎంత దూరం? లెక్క చెప్పే సైట్ మీద నా రివ్యూ

రెండు ఊళ్ల పేర్లు కొడితే ఎయిర్‌పోర్ట్ నుంచి ఎయిర్‌పోర్ట్‌కు ఎంత దూరం, ఎన్ని గంటలు అని చెప్పే సైట్ ఒకటి నేను తరచూ చూస్తుంటాను. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల వైపు మా చుట్టాల వాడకట్టుల్లో ఎవరో ఒకరు గల్ఫ్‌కు పోతూ వస్తూనే ఉంటారు, టికెట్ చేతికి రాగానే హన్మకొండలో ఉన్న నాకే ఫోన్ చేస్తారు, అందుకే ఇది నాకు నిజంగా అవసరమైన సైట్. దూరానికి ఐదుకు ఐదు ఇస్తాను. టైంకు మూడే.

శంషాబాద్ నుంచి దుబాయ్ సుమారు 2,550 కిలోమీటర్లు అని చూపిస్తుంది, అది కరెక్టే. గ్లోబు మీద రెండు చోట్ల మధ్య దారం బిగించి పట్టుకుంటే ఎంత వస్తుందో అంత.

టైం దగ్గరే పేచీ. దూరాన్ని ఒకే స్పీడుతో భాగించి, ఎక్కడం దిగడం కోసం అరగంట కలిపి, మూడున్నర గంటలు అంటుంది. టికెట్ మీద మాత్రం దాదాపు నాలుగు గంటలు ఉంటుంది, ఎందుకంటే విమానం గేటు నుంచి కదిలి రన్‌వే దాకా పోవడం, అక్కడ వరుసలో ఆగడం, దిగాక మళ్లీ గేటు దాకా రావడం అన్నీ అందులో ఉంటాయి, పైగా పైన దారి తిన్నగా ఉండదు. గాలి సంగతి ఇంకోటి. చలికాలంలో పైన పడమటి గాలి గట్టిగా వీస్తుంది కాబట్టి పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనక నుంచి తోసే గాలి, అందుకే తిరుగు ప్రయాణం త్వరగా అయిపోతుంది. ఈ సైట్ రెండు వైపులకూ ఒకటే టైం ఇస్తుంది, అది నాకు నచ్చలేదు.

నచ్చింది ఏంటంటే, రెండు ఊళ్ల గడియారాల తేడా పక్కనే రాస్తుంది. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. ఉదయం పదింటికి బయలుదేరి పన్నెండున్నరకు దిగుతుందని టికెట్‌లో చూసి రెండున్నర గంటలే కదా అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, కానీ ఆ పన్నెండున్నర అక్కడి టైం, లోపల కూర్చునేది నాలుగు గంటలు.

ఊరి పేరు కొట్టేటప్పుడు కాస్త చూసుకోండి. పాకిస్తాన్‌లోని సింధ్‌లో కూడా హైదరాబాద్ ఉంది, లిస్టులో అదీ వస్తుంది, మన ఎయిర్‌పోర్ట్ కోడ్ హెచ్‌వైడీ. వరంగల్ అని కొడితే మామునూరు నుంచి దుబాయ్‌కి దూరం, టైం రెండూ ఇచ్చేస్తుంది! ఆ ఎయిర్‌పోర్ట్‌కు 2025లో కేంద్రం అనుమతి ఇచ్చింది గానీ, దాన్ని మళ్లీ కట్టి తెరిచేదాకా మనకు శంషాబాదే దిక్కు. ఇక్కడ విమానాలు లేవని ఒక్క ముక్క రాస్తే సైట్‌కు పోయేదేముంది?

ఇక ఇంటి నుంచి లెక్క ఈ సైట్‌లో దొరకదు, మనమే వేసుకోవాలి. హన్మకొండ నుంచి ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్ ఎక్కి శంషాబాద్ పోతే సుమారు 170 కిలోమీటర్లు, మూడు గంటలు ఈజీగా పడుతుంది. రైలైతే కాజీపేటలో ఎక్కి సికింద్రాబాద్‌లో దిగి, అక్కడి నుంచి జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్) పోయి ఎయిర్‌పోర్ట్‌కు పోయే పుష్పక్ బస్ పట్టుకోవచ్చు, పెద్ద పెట్టెలు ఉంటే మాత్రం కారే మేలు. విదేశీ విమానానికి మూడు గంటల ముందే అక్కడ ఉండాలి. టికెట్‌లో 15వ తేదీ రాత్రి రెండున్నర అని ఉంటే, 14వ తేదీ సాయంత్రం ఏడింటికల్లా ఇంట్లోంచి కదలండి.