ఆరు శీతాకాలాల తరువాత: హిమపాతాన్నీ గాలినీ కొలిచే పరికరాలు

కొలరాడో రాకీ పర్వతాలలో, మూడు వేల మీటర్లకు పైబడిన ఎత్తున ఉన్న ఒక పరిశోధనా స్థలంలో ఆరు శీతాకాలాలపాటు నేను వాడిన పరికరాల గురించి ఇక్కడ రాస్తున్నాను. తయారీదారుల పేర్లు చెప్పడం లేదు, ఎందుకంటే నేను చూసిన లోపాలలో అధికభాగం ఆ పరికరాలు పనిచేసే పద్ధతిలోనే ఉన్నాయి.

చిన్నప్పుడు తహసీల్దారు కార్యాలయం ఆవరణలో వానను కొలిచే గేజ్‌ను చూసిన నాకు, డబ్బాలో పడినదాన్ని కొలవడంలో ఇంత కష్టం ఉంటుందని మొదట్లో తోచలేదు. పెద్ద వాన చినుకు సెకనుకు 9 మీటర్ల వేగంతో దిగుతుంది. మంచు రేకు మాత్రం సుమారు ఒక మీటరు వేగంతో తేలుతూ వస్తుంది. గాలి గేజ్ మూతి మీదుగా లేచి వంగేటప్పుడు ఆ రేకును కూడా తనతో తీసుకుపోతుంది. సెకనుకు 5 మీటర్ల గాలిలో, చుట్టూ తెర లేని గేజ్ కురిసిన మంచులో సగం కూడా పట్టకపోవచ్చు. గేజ్ దగ్గర గాలిని తగ్గించడానికి ప్రపంచ వాతావరణ సంస్థ ప్రామాణికంగా తీసుకున్న జంట కంచెలో వెలుపలిది 12 మీటర్ల వ్యాసం, లోపలిది 4 మీటర్ల వ్యాసం. అంత కట్టడానికి మా గుట్ట మీద చోటూ లేదు, డబ్బూ లేదు.

మేము మొదట పెట్టినది తూకం వేసే గేజ్. బకెట్ మూడు తీగలకు వేలాడుతుంది, బరువు పెరిగినకొద్దీ తీగల కంపన వేగం మారుతుంది. చుట్టూ ఊగే లోహపు పట్టీల తెర, లోపల యాంటీఫ్రీజ్ (పడిన మంచు గడ్డకట్టకుండా కరిగించే ద్రవం), అది ఆవిరి కాకుండా పైన పలుచని నూనె పొర ఉంటాయి. సీజన్ మొత్తం లెక్కకు ఇంతకంటే నమ్మదగినది నాకు దొరకలేదు. నిమిషానికి నిమిషం రేటు కావాలంటే మాత్రం ఇది నిరాశపరుస్తుంది: గాలికి తీగలు అదిరి, మబ్బు లేని రాత్రి కూడా అంకె పైకీ కిందికీ ఆడుతుంది. తడి మంచు మూతి చుట్టూ పేరుకుని టోపీలా కప్పేస్తే, మర్నాడు ఎండ కాసే పదకొండు గంటలకు అది ఒక్కసారిగా జారి లోపల పడి, నీలాకాశం కింద భారీ హిమపాతం నమోదవుతుంది. రెండో శీతాకాలంలో యాంటీఫ్రీజ్ తక్కువ పోసిన తప్పు పూర్తిగా నాదే. జనవరిలో బకెట్ గడ్డకట్టింది, పైన పడిన పొడి మంచును గాలి ఊడ్చుకుపోయింది.

రేటు కోసం తరువాత వేడి పలకల పరికరం తెచ్చాము. సుమారు 13 సెంటీమీటర్ల వ్యాసం గల రెండు పలకలను ఒకదాని కింద ఒకటి పెట్టి దాదాపు 75 డిగ్రీల వద్ద నిలుపుతారు. పై పలక మంచునూ గాలినీ రెండింటినీ ఎదుర్కొంటుంది, కింది పలకకు గాలి మాత్రమే తగులుతుంది. రెండింటికీ పట్టే విద్యుత్తులోని తేడా హిమపాత రేటును, కింది పలకకు పట్టే విద్యుత్తు గాలి వేగాన్ని ఇస్తాయి. తెర అక్కరలేదు, యాంటీఫ్రీజ్ మోయనక్కరలేదు. మధ్యస్థపు గాలిలో దీని రేటు నాకు ఎంతో నచ్చింది. అయితే ఒక గ్రాము మంచును కరిగించి ఆవిరి చేయడానికి దాదాపు 3,000 జౌల్‌ల శక్తి కావాలి కాబట్టి, గంటకు 1 మిల్లీమీటరు నీటికి సమానమైన హిమపాతం పై పలక నుంచి తీసుకునేది సుమారు 11 వాట్లే. బలమైన చలిగాలి అంతకు కొన్ని రెట్లు లాగేస్తుంది. కనుక సన్నని మంచు, పెద్ద గాలి కలిసిన రాత్రి దీని అంకెను నేను నమ్మను. విద్యుత్తు ఎక్కువ కావాలి కనుక సోలార్ ప్యానెళ్లతో నడిపే స్థలానికి ఇది పనికిరాదు.

లేజర్ కిరణం గుండా పడే రేకుల పరిమాణాన్నీ వేగాన్నీ చూసే పరికరం వానో మంచో తేల్చడానికి బాగుంది. సాంద్రతను మనమే ఊహించాలి, నేల నుంచి ఎగిరే పాత మంచును కూడా అది లెక్కపెడుతుంది.

ఇక గాలి. ప్రొపెల్లర్ తిరిగే వేగాన్నిబట్టి గాలి వేగాన్ని కొలిచే ఎనిమోమీటర్‌కు విద్యుత్తు దాదాపు అక్కరలేదు. కానీ చల్లని మేఘపు తుంపర దాని మీద గడ్డకట్టిన రాత్రి తుఫానులో కూడా సున్నా చూపిస్తూ కూర్చుంటుంది. ఈ సున్నా మామూలు తప్పు కాదు. గేజ్ పట్టని మంచును సరిదిద్దే సూత్రాలు గాలి వేగం మీద, ఉష్ణోగ్రత మీద నడుస్తాయి. గాలి సున్నా అంటే దిద్దుబాటు కూడా సున్నా, అంటే అసలే తక్కువ పట్టిన రాత్రి లెక్క తక్కువగానే మిగిలిపోతుంది. అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో ఉన్న మౌంట్ వాషింగ్టన్ శిఖరం మీద 1934 ఏప్రిల్ 12న గంటకు 372 కిలోమీటర్ల గాలిని కొలిచినప్పుడు వేడి చేసే ఎనిమోమీటర్ ఉన్నా, మనిషి పైకెక్కి మంచును కొట్టి రాల్చవలసి వచ్చింది. మేము మూడో ఏట ధ్వని తరంగాలతో గాలిని కొలిచే, వేడి చేసే అల్ట్రాసోనిక్ ఎనిమోమీటర్‌కు మారాము. మంచు రేకులు ధ్వని మార్గాన్ని అడ్డుకున్నప్పుడు వచ్చే పిచ్చి అంకెలను ఏరివేయాలి, అంతే. దాన్ని పది మీటర్ల స్తంభం మీద కాక గేజ్ మూతి ఎత్తులోనే పెట్టడం మంచిది.

డబ్బు ఒకదానికే ఉంటే మొదట ఆ వేడి ఎనిమోమీటరే కొంటాను. నాలుగో ఏట గేజ్‌ను గుట్ట మీద నుంచి స్ప్రూస్ చెట్ల మధ్య ఖాళీలోకి మార్చడం వల్ల కలిగిన మేలు ఏ కొత్త పరికరం వల్లా కలగలేదు. పావుగంటకొకసారి ఫొటో తీసే చవక కెమెరాను కూడా పరికరాల వైపు తిప్పి పెట్టాము. టోపీ కట్టిన గంటలూ, ప్రొపెల్లర్ ఆగిన గంటలూ దానివల్లే తెలిశాయి. ఆ కెమెరా అద్దానికి కూడా మంచు పట్టిన రాత్రుల లెక్కను నేను వాడడం మానేశాను.