ఏడు వర్షాకాలాలు చూసిన కార్బన్ కమాను

2018 జూన్‌లో పద్నాలుగు వేల రూపాయలు పెట్టి కొన్న కార్బన్ ఫైబర్ కమానుతోనే ఇప్పటికీ డబుల్ బాస్, అంటే ఫిడేలు లాంటి వాద్యాల్లో అన్నిటికన్నా పెద్దది, వాయిస్తున్నాను. తీగల మీద లాగి నాదం పుట్టించే, వెంట్రుకలు కట్టిన కర్రే కమాను. ఈ మధ్య కొత్తగా బాస్ పట్టిన ఇద్దరు పిల్లలు "తక్కువ ధరలో ఏ కమాను కొనమంటారు మాస్టారూ" అని అడిగారు. నోటితో చెప్పింది చాలలేదనిపించి రాస్తున్నాను. మాది నరసాపురం. ఒక పక్క వశిష్ఠ గోదావరి, కాస్త దూరంలో సముద్రం. ఇక్కడ కమాను కొనేవాళ్లు ముందుగా ఇక్కడి గాలిని లెక్కలోకి తీసుకోవాలి.

దీనికి ముందు నా దగ్గర చెక్క కమాను ఉండేది. ఆరు వేలు. బ్రెజిల్‌వుడ్ అని చెప్పి అమ్మారు. పేరు విని పొరబడకూడదు. మేలైన కమానులకు వాడే కలప పెర్నాంబుకో. బ్రెజిల్ తీరపు అడవుల్లో పెరిగే ఆ చెట్టు తరిగిపోతూ ఉండడంతో 2007 నుంచి సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జంతువులు, మొక్కల వ్యాపారంపై దేశాలు చేసుకున్న) ఒప్పందం కింద దాని అంతర్జాతీయ వ్యాపారం నియంత్రణలో ఉంది. ఆరు వేలకు దొరికేది ఆ కలప కాదు. అయినా రెండేళ్లు నా కమాను బాగానే పలికింది. మూడో ఏడు శ్రావణంలో, కమాను చివర బిగించే మర ఎంత తిప్పినా వెంట్రుకలు బిగియలేదు. తేమకు గుర్రపు వెంట్రుక సాగుతుంది. చేతి దగ్గరి నల్ల దిమ్మె, అంటే ఫ్రాగ్, వెనక్కి జరిగి జరిగి చివరికి వచ్చేసినా వెంట్రుకలు వదులుగానే ఉన్నాయి. క్రిస్మస్ పాటల సాధన దాకా అలాగే లాక్కొచ్చాను. ఒక రోజు ఒక కన్ను మూసి దిమ్మె వైపు నుంచి కొన వైపు చూస్తే కర్ర ఎడమకు ఒరిగిపోయింది. లోపలికి ఉండవలసిన వంపు కూడా సగం పోయింది. వేడి చేయించి సరిచేయిస్తే మరుసటి వర్షాకాలానికి మళ్లీ అదే కథ. ఆ రోజు నాకు కలిగిన బాధ చిన్నది కాదు. నా మొదటి కమాను అది.

కార్బన్ కర్రకు ఆ జబ్బు లేదు. ఏడు వర్షాకాలాలు, ఏడు వేసవులు దాటింది. గోదావరి దాటించే పంటు మీద సఖినేటిపల్లి రేవుకు, అక్కడి నుంచి ఆటోలో మలికిపురం వైపు ప్రార్థన కూటాలకు ఎన్నోసార్లు వెళ్లివచ్చింది. ఇవాళ కన్ను పెట్టి చూసినా కర్ర తిన్నగా ఉంది. నేను దీన్ని మెచ్చుకోవడానికి మొదటి కారణం ఇదే, మిగిలినవన్నీ దీని తరవాతే.

బరువు సంగతి. ఫిడేలు కమాను 60 గ్రాములు, చెల్లో కమాను 80 గ్రాములు, అటూ ఇటూగా ఉంటాయి. బాస్ కమాను 120 నుంచి 150 మధ్య ఉంటుంది. బాస్‌లో అన్నిటికన్నా లావైన నాలుగో తీగ సెకనుకు దాదాపు 41 సార్లు మాత్రమే కంపిస్తుంది. అంత లావు తీగను కదిలించే పని కమాను బరువే చెయ్యాలి. చేతితో నొక్కితే నాదం గొంతు పట్టుకుపోతుంది. మా వీధి కంసాలి త్రాసులో తూయిస్తే నాది 138 గ్రాములు వచ్చింది. నా చేతికి సరిపోయింది. అంకె ఒక్కటే చూసి కొనవద్దు. అదే బరువు కొన వైపు ఎక్కువగా ఉంటే పావుగంటలో మణికట్టు లాగుతుంది.

నాదం విషయంలో ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. కీర్తన చివర పాట సన్నగిల్లే చోట కమానును నెమ్మదిగా, తేలికగా లాగుతాం. అక్కడ నా పాత చెక్క కమానులో ఉన్న నిండుతనం దీనిలో లేదు. నాదం కాస్త పలచబడుతుంది. వేగంగా, తెంపి తెంపి వాయించేటప్పుడు మాత్రం ఇది ఎంతో చురుకు.

పట్టు గురించి రెండు మాటలు. పైనుంచి పట్టేది ఫ్రెంచి కమాను, కింది నుంచి అరచేయి పెట్టి పట్టేది జర్మన్ కమాను. నేను చిన్నప్పుడు ఫిడేలు నేర్చుకున్నాను కాబట్టి ఫ్రెంచి నాకు సులువైంది. ఫిడేలు అలవాటు లేనివారు రెండూ పట్టి చూసి తేల్చుకోండి. ఏది గొప్పదన్న వాదనతో కాలం పోగొట్టుకోవద్దు.

ఇక వెంట్రుకలు. తక్కువ ధర కమానులో అసలు లోపం ఇక్కడే ఉంటుందని నా అనుభవం. నా కమానుకు వచ్చిన వెంట్రుకలు పలచగా, నునుపుగా ఉండేవి. లావు తీగ మీద జారిపోయేవి. ఆరు నెలలు కర్రను తప్పుపట్టాను. చెన్నైలో ఒకచోట మార్పించాను. మే నెల ఎండలో కొలిచి కట్టినవి ఆగస్టు తేమకు వేలాడాయి. పైగా మూడు వారాల్లో దిమ్మెలోంచి ఒక పాయ జారి వచ్చేసింది. 2020లో ప్రయాణాలు ఆగిపోయినప్పుడు నేనే నేర్చుకున్నాను. నల్ల వెంట్రుకలు తెప్పించాను. తెల్లవాటికన్నా గరుకు, లావు తీగను బాగా పడతాయి. పాయను కట్టడానికి మా పొరుగింటి పిన్నిగారు లేసు అల్లే నూలు దారం ఇచ్చారు. సన్నగా ఉంటుంది, లాగితే తెగదు. ముడి కొసకు రోజిన్ (వెంట్రుకలు తీగను పట్టడానికి రాసే చెట్టు జిగురు గడ్డ) పొడి అద్ది కాల్చితే కొస ఉబ్బి గట్టిపడుతుంది, ఇక జారదు. పాయను దిమ్మెలోని గూటిలో బిగించే చీలను వడ్రంగి మామిడి చెక్కతో చెక్కి ఇచ్చాడు. జిగురు పెట్టకూడదు, మళ్లీ మార్చేటప్పుడు ఊడిరావాలి. మొదటి రెండుసార్లు చెడగొట్టాను. మూడోసారి నాలుగో తీగ పలికిన తీరు విని చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. అదే కర్ర, అదే చెయ్యి!

మా ప్రాంతానికి వెంట్రుకలు మామూలుకన్నా పిసరంత పొట్టిగా కట్టాలి. మరీ పొట్టిగా కడితే వేసవిలో ముడుచుకుని, మర పూర్తిగా వదిలినా కర్రను లాగుతూనే ఉంటాయి. అందుకే వానలు వెలిసి, చలి ముదరకముందు ఈ పని పెట్టుకుంటాను.

బాస్ రోజిన్ ఫిడేలు రోజిన్‌కన్నా మెత్తగా, జిగటగా ఉంటుంది. రోహిణి కార్తెలో అది డబ్బాలోనే కరిగి పక్కకు పారుతుంది. మంచినీళ్ల కూజా కింది తడి ఇసుకలో డబ్బాను గుచ్చి ఉంచుతాను, గట్టిగానే ఉంటోంది. ఉప్పు గాలికి మర మాత్రం తుప్పు పడుతుంది. కార్బన్ కర్ర అయినా మర ఇనుమే కదా. నెలకోసారి విప్పి తుడిచి, కుట్టుమిషను నూనె ఒక్క చుక్క పెట్టాలి. నేను మొదటి రెండేళ్లు ఈ పని చెయ్యక ఒక మర పోగొట్టుకున్నాను.

మీ చేతిలో పదిహేను వేలు ఉంటే పన్నెండు వేల లోపు కార్బన్ కమాను చూసుకోండి. మిగిలినది నల్ల వెంట్రుకలకూ మంచి రోజిన్‌కూ ఉంచుకోండి. కొనేచోట కర్రను కంటితో సూటిగా చూడండి. బిగించి మళ్లీ చూడండి, పక్కకు ఒరిగితే వద్దు. తరవాత నాలుగో తీగ మీద ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకే లాగు, వీలైనంత నెమ్మదిగా లాగండి. మధ్యలో నాదం తెగకపోతే, కొన దగ్గర చెయ్యి వణకకపోతే ఆ కమానును తెచ్చుకోండి. వెంట్రుకలు మార్చాల్సి వస్తే అట్లతద్ది తరవాత మా ఇంటికి రండి, దారం ఉండ ఇంకా సగం మిగిలే ఉంది.