ప్రసంగం: రాసుకుని చదవాలా, చీటీ పెట్టుకోవాలా, ఏదీ లేకుండా నిలబడాలా?

పౌలు అంతటివాడు మాట్లాడుతుంటేనే ఐతుకు అనే కుర్రాడు జోగి, మూడో అంతస్తు కిటికీలోంచి కింద పడ్డాడు (అపొ. కార్యములు 20:9). మన ముందు ఇద్దరు ముగ్గురు కునికితే కుంగిపోనక్కర్లేదన్నమాట. సగం మంది కునుకుతున్నారంటే మాత్రం మనం ఎలా సిద్ధపడుతున్నామో చూసుకోవాలి.

పూర్తిగా రాసుకుని చదివితే మాట జారదు, సమయం దాటదు, సిద్ధాంతం పక్కదారి పట్టదు. కాకపోతే తల దించుకుని చదివేవాడికి వినేవాళ్ల ముఖాలు కనిపించవు. అంతకన్నా పెద్ద చిక్కు భాషతో వస్తుంది. పెన్ను పట్టగానే మనకు గ్రాంథికం ఆవహిస్తుంది. ఇల్లు విడిచిపోయి తిరిగొచ్చిన కొడుకు గురించి యేసు చెప్పిన ‘తప్పిపోయిన కుమారుడి’ ఉపమానం మీద నేను మొదట రాసుకున్న వాక్యం ఇది: “కుమారుని పునరాగమనము తండ్రి యొక్క అపారమైన క్షమాగుణమును వెల్లడిపరచుచున్నది.” గదిలో పైకి చదివితే నాకే ఆవలింత వచ్చింది. కొట్టేసి ఇలా రాశాను: “కొడుకింకా దూరంగానే ఉన్నాడు. తండ్రి చూశాడు. వచ్చేదాకా ఆగలేదు, పరుగెత్తాడు.” అర్థం అదే. మొదటిది కంటికి రాసింది, రెండోది చెవికి రాసింది.

బట్టీ పట్టడం గురించి ఎక్కువ చెప్పను. వెనక ఒక పసిబిడ్డ ఏడిస్తే చాలు, తీగ తెగుతుంది. మళ్లీ ఎక్కడ అందుకోవాలో తెలియక నేను ఒకే వాక్యాన్ని మూడుసార్లు చెప్పిన ఆదివారం ఉంది.

ఏమీ లేకుండా నిలబడేవాళ్లు తరచూ పంతొమ్మిదో శతాబ్దపు లండన్ బోధకుడు స్పర్జన్ పేరు చెబుతారు. ఆదివారం ఉదయపు ప్రసంగాన్ని ఆయన శనివారం సాయంత్రం సిద్ధం చేసుకునేవారు, చిన్న కాగితం మీద నాలుగు ముక్కలతో వేదిక ఎక్కేవారు. నిజమే. కానీ ఆయన వారమంతా చదువుతూనే ఉండేవారు, పైగా జ్ఞాపకశక్తి అసాధారణం. ఆయన మాట్లాడుతుండగా వేరేవాళ్లు శీఘ్రలిపిలో (షార్ట్‌హ్యాండ్‌లో) రాసుకున్న ప్రసంగాన్ని తర్వాత తానే దిద్ది అచ్చుకు పంపేవారు. ఆ కష్టం వదిలేసి శనివారం సాయంత్రాన్ని మాత్రం పట్టుకుంటే మిగిలేది తడబాటే. సిద్ధపాటు లేనివాడికి మాట దొరకకపోవడం కన్నా ఆపడం రాకపోవడమే పెద్ద ప్రమాదం. “చివరిగా ఒక్క మాట” అని నాలుగుసార్లు అంటాడు. రెండోసారికే జనం బైబిళ్లు మూసి చెప్పులు వెతుక్కుంటారు.

నా ఓటు చీటీకే, అయితే ఒక షరతు మీద. ముందు మొత్తం రాయాలి. రాస్తేనే ఆలోచనలో ఎక్కడ బొక్క ఉందో బయటపడుతుంది. తర్వాత దాన్ని పైకి చదివి, నోరు తిరగని చోటల్లా కొట్టేయాలి. ఆదివారం ఆ కాగితాలు ఇంట్లో వదిలేసి అర ఠావు మాత్రం తీసుకెళ్లాలి. అందులో మొదటి రెండు వాక్యాలు, చివరి రెండు వాక్యాలు అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. మధ్యలో ఒక్కో మలుపుకు ఒక్కో మాట చాలు: “దూరం”, “పరుగు”, “పెద్దకొడుకు”. ఫోన్లో రాసుకుంటే సరిగ్గా మలుపు దగ్గరే తెర ఆరిపోతుంది, కాగితమే నయం.

సాక్ష్యాలూ కథలూ మాత్రం చూసి చదవొద్దు. దావీదు రాజు చేసిన పాపాన్ని ఎత్తిచూపడానికి నాతాను ప్రవక్త ఆయనకు, పేదవాడి గొఱ్ఱెపిల్లను లాక్కున్న ధనవంతుడి కథ చెప్పాడు (2 సమూయేలు 12). రాజు మండిపడి తీర్పు చెప్పేశాక గాని “ఆ మనుష్యుడవు నీవే” అనలేదు. ఆ మాట ఎప్పుడు వదలాలో కాగితం చెప్పదు, ఎదుటివాడి ముఖమే చెబుతుంది.

భూస్థాపన కార్యక్రమంలో మాత్రం నేను ఇప్పటికీ కాగితం చూసే చదువుతాను. పోయినవారి పేరో, పిల్లల వరసో తప్పు పలికితే, ఆ తర్వాత చెప్పే ఏ మాటా ఆ ఇంటివాళ్ల చెవికెక్కదు.