అరండల్‌పేటలో ఒక పన్ను రిటర్నుల కార్యాలయం: ప్రశ్నలకు ఇచ్చే ఫీజు

గుంటూరులో చిన్న వ్యాపారులకు ఆదాయపు పన్ను రిటర్నులు వేసిపెట్టేవారికి కొదవ లేదు. అరండల్‌పేట, బ్రాడీపేట లైన్లలో మేడమెట్ల పక్కన జీఎస్టీ, ఐటీ, పాన్ కార్డు, డిజిటల్ సంతకం అంటూ అన్నీ కలిపి రాసిన బోర్డులు వరసగా కనిపిస్తాయి. ఐదారు వందలకే పని ముగించేవారు ఉన్నారు, ఐదారు వేలు తీసుకునేవారూ ఉన్నారు. ఈ తేడా దేనికన్న సందేహం మా పట్నంబజారు దుకాణదారుల మధ్య ప్రతి ఏటా వస్తూనే ఉంటుంది. కొన్నేళ్లుగా నా ఎలక్ట్రికల్ సామాను దుకాణం లెక్కలూ, మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే మా బావమరిది లెక్కలూ చూస్తున్న ఒక కార్యాలయం గురించి రాస్తే ఆ సందేహానికి కొంతవరకైనా జవాబు దొరుకుతుందని అనుకుంటున్నాను. అరండల్‌పేటలో మేడమీద రెండు గదుల్లో నడిచే ఈ కార్యాలయానికి ఒక చార్టర్డ్ అకౌంటెంటు యజమాని, ఆయన కింద ముగ్గురు సహాయకులు ఉన్నారు. ప్రస్తుతానికి కొత్త ఖాతాలు తీసుకోవడం లేదు కాబట్టి పేరు రాయవద్దని ఆయన కోరారు. పేరు తెలియకపోయినా, మంచి కార్యాలయాన్ని దేన్ని చూసి పోల్చుకోవాలో చెప్పడానికి అడ్డేమీ లేదు.

ముందుగా ఇక్కడ పని మొదలయ్యే తీరు చెప్పాలి. చాలాచోట్ల మొదటి ప్రశ్న "నిరుడు ఎంత చూపించారు?" అని ఉంటుంది. దానికి కొంత కలిపి ఈ ఏడాది అంకె వేసేస్తారు. ఇక్కడ అలా కాదు. ఆదాయపు పన్ను శాఖ పోర్టల్ నుంచి, మన లావాదేవీల గురించి శాఖకు చేరిన వివరాలుండే వార్షిక సమాచార పట్టికను, అంటే అందరూ ఏఐఎస్ అనే కాగితాన్ని దించి, బ్యాంకు స్టేట్‌మెంటు పక్కన పెట్టుకుని, ఒక్కొక్క వరుసకు పెన్సిలుతో టిక్కు పెట్టుకుంటూ పోతారు. టిక్కు పడని వరుస వచ్చినప్పుడల్లా ప్రశ్న వస్తుంది. నా విషయంలో మొదటి ఏడాది అక్కడి సహాయకురాలు పెన్సిలు ఆపి, "ఈ సేవింగ్స్ ఖాతా ఎవరిదండీ? దుకాణం క్యూఆర్ కోడ్ సొమ్ము ఇందులోకి ఎందుకు వస్తోంది?" అని అడిగింది. కౌంటరు మీద రెండో స్కానర్ మా అబ్బాయి పేరు మీద ఉన్న సంగతి అలా బయటపడింది. ఆ ఖాతాలో పడిన అమ్మకాలన్నీ జీఎస్టీ రిటర్నుల్లో ఉన్నాయా, లేక రెండు లెక్కలూ రెండు దారుల్లో పోతున్నాయా అన్నది తేల్చుకున్న తరువాతే ఆమె ముందుకు వెళ్లింది. జీఎస్టీలో చూపిన టర్నోవరు కూడా అదే ఏఐఎస్‌లో కనిపిస్తుంది కనుక, ఈ రెండూ సరిపోని రిటర్ను వేస్తే నోటీసును పిలిచి కూర్చోబెట్టుకున్నట్టే.

చిన్న వ్యాపారుల్లో అధికులు వాడుకునేది పాత ఆదాయపు పన్ను చట్టంలోని 44ఏడీ సెక్షన్. లెక్కల పుస్తకాలు పూర్తిగా రాయనవసరం లేకుండా, టర్నోవరులో నగదు వచ్చిన భాగంపై 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చిన భాగంపై 6 శాతం లాభంగా చూపవచ్చు. టర్నోవరు రెండు కోట్ల రూపాయల వరకు, నగదు వసూళ్లు మొత్తంలో 5 శాతం దాటకపోతే మూడు కోట్ల వరకు ఈ వెసులుబాటు ఉంది. ఇంతవరకు అందరికీ తెలిసిందే. అయితే సంవత్సరం ముగిసేనాటికి రావలసిన బాకీలు రిటర్ను గడువులోగా బ్యాంకు ద్వారా వసూలైతే వాటికీ 6 శాతమే వర్తిస్తుందన్న సంగతిని నాకు ఇంతకుముందు ఎవరూ చెప్పలేదు. మా వ్యాపారంలో ఇది చిన్న విషయం కాదు. కాంట్రాక్టర్లు మార్చిలో సామాను తీసుకెళ్లి ఏప్రిల్, మే నెలల్లో డబ్బు వేస్తారు.

లెక్క చూస్తే దాని విలువ తెలుస్తుంది. 2025-26 సంవత్సరానికి జీఎస్టీ తీసివేయగా నా టర్నోవరు సుమారు 1.80 కోట్లు. అందులో ఏడాదిలోపే బ్యాంకులో పడింది 1.08 కోట్లు, నగదు 50 లక్షలు, మార్చి ఆఖరుకు బాకీలు 22 లక్షలు. ఆ బాకీలన్నీ తరువాత బ్యాంకు ద్వారానే వచ్చాయి. బ్యాంకులో పడినదీ ఈ బాకీలూ కలిపి 1.30 కోట్లపై 6 శాతం 7.80 లక్షలు, 50 లక్షలపై 8 శాతం 4 లక్షలు, బ్యాంకు వడ్డీ 12 వేలు, మొత్తం ఆదాయం 11.92 లక్షలు. కొత్త పన్ను విధానంలో ఆ సంవత్సరానికి 12 లక్షల ఆదాయం వరకు రిబేటు ఉన్నందున కట్టవలసిన పన్ను సున్నా. ఆ 22 లక్షలను కూడా 8 శాతంలో వేసి ఉంటే ఆదాయం 12.36 లక్షలకు చేరేది, పరిమితి కాస్త దాటినవారికి పన్ను తగ్గించే మార్జినల్ రిలీఫ్ పోగా సెస్సుతో కలిపి 37,440 రూపాయలు కట్టవలసి వచ్చేది. వసూళ్ల పట్టికను కాంట్రాక్టరు వారీగా తెమ్మని వారు పట్టుబట్టినప్పుడు విసుగు కలిగిన మాట నిజమే కానీ, ఆ పట్టిక లేకపోతే ఈ అంకెను రేపు ఎవరైనా అడిగినప్పుడు నిలబెట్టుకోవడం కష్టం. నగదు అమ్మకాల సొమ్మును మరునాడు బ్యాంకులో జమ చేస్తే అది డిజిటల్ వసూలు కింద మారిపోదన్న సంగతి కూడా ఇక్కడ తేటగా చెబుతారు. మా బజారులో చాలామంది ఇంకా అలా మారుతుందనే నమ్ముతున్నారు.

ఇంకొక ప్రశ్న కూడా అడిగారు. "మీ అసలు లాభం ఇంతకన్నా ఎక్కువేమీ లేదు కదా?" 6, 8 శాతాలు కనీసం చూపవలసిన అంకెలే తప్ప, నిజంగా వచ్చిన లాభం అంతకు మించి ఉంటే దానిని దాచుకోవడానికి చట్టం ఇచ్చిన అనుమతి కావు. తక్కువ పన్ను కోసం వచ్చే ఖాతాదారును పోగొట్టుకునే ప్రమాదం ఉన్నా ఆ మాట అడిగే కార్యాలయాన్ని నేను ఇది ఒక్కదాన్నే చూశాను.

44ఏడీ వాడుకునేవారు వేసే ఐటీఆర్-4 ఫారంలో సరుకు నిల్వ, రావలసిన బాకీలు, ఇవ్వవలసిన బాకీలు, చేతిలో నగదు అనే నాలుగు గడులు ఉంటాయి. తొందరలో పనిచేసేవారు వీటిని నోటికి వచ్చిన అంకెలతో నింపేస్తారు. ఈ కార్యాలయంవారు మాత్రం సరుకు హామీ మీద తీసుకునే క్యాష్ క్రెడిట్ లోను కోసం మార్చి నెలకు బ్యాంకుకు ఇచ్చిన స్టాకు స్టేట్‌మెంటు తెప్పించుకుని, అందులో ఉన్న నిల్వకూ ఫారంలో వేసే నిల్వకూ పొంతన ఉందో లేదో చూస్తారు. బ్యాంకుకు నలభై లక్షల సరుకు చూపించి, రిటర్నులో పది లక్షలు రాసిన వ్యాపారులు లోను రెన్యువల్ సమయంలో పడే అవస్థ మా వీధిలో చూస్తూనే ఉన్నాం.

ఈ కార్యాలయం అసలు సత్తా నాకు తెలిసింది మా బావమరిది విషయంలో. అతను యార్డులో కమీషన్ ఏజెంటు. రైతులు తెచ్చిన టిక్కీలను, అంటే మిర్చి బస్తాలను అమ్మిపెట్టి, కమీషన్ పట్టుకుని, మిగిలిన సొమ్ము రైతుకు ఇస్తాడు. కమీషన్, బ్రోకరేజీ, ఏజెన్సీ ఆదాయాలకు 44ఏడీ వర్తించదని ఆ సెక్షన్‌లోనే స్పష్టంగా ఉంది. అయినా అంతకుముందు అతని లెక్కలు చూసిన ఒక ఏజెంటు, ఏడాదికి 22 లక్షల దాకా ఉన్న కమీషన్‌పై 8 శాతం చొప్పున 1.76 లక్షల ఆదాయం చూపించి ఐటీఆర్-4 వేసేశాడు. పన్ను లేదు కాబట్టి అందరూ సంతోషించారు. ఇంటి లోను కోసం బ్యాంకుకు వెళ్లినప్పుడు నెలకు పదిహేను వేల ఆదాయం కూడా లేని మనిషికి లోను ఎలా ఇస్తామని అడిగారు. అప్పుడు గానీ ఆ కాగితాలు ఎవరూ విప్పి చూడలేదు.

అరండల్‌పేట కార్యాలయం యజమాని చేసిన మొదటి పని, బ్యాంకు ఖాతా గుండా పోయిన కోట్ల రూపాయల్లో బావమరిదిది ఎంత, రైతులది ఎంత అని విడదీయడం. కేవలం కమీషన్ కోసం ఇతరుల సరుకు అమ్మే ఏజెంటుకు ఆ సరుకు మొత్తం విలువ టర్నోవరు కాదని, అతని కమీషనే లెక్కకు వస్తుందని కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 1986లో ఇచ్చిన 452వ నంబరు సర్క్యులర్ చెబుతుంది. తన సొంత పేరుమీద కొని అమ్మేవారికి ఈ సూత్రం పనికిరాదు. అందుకని ఆయన రైతులకు రాసిచ్చే అమ్మకపు లెక్కల పట్టీల పుస్తకాలు తెప్పించి, సొంత వ్యాపారం కలిసిన లావాదేవీలు ఏమైనా ఉన్నాయేమోనని నమూనాగా కొన్నిటిని స్వయంగా చూశారు. తరువాత గుమాస్తాల జీతాలు, షాపు అద్దె, ఇతర ఖర్చులు పోగా 2023-24లో నికర ఆదాయం 11 లక్షల ప్రాంతంలో తేలింది. అప్పటి శ్లాబుల ప్రకారం సెస్సుతో కలిపి 78 వేల పన్ను, దానిమీద వడ్డీ, గడువు దాటాక పాత తప్పు సరిచేస్తూ అప్‌డేటెడ్ రిటర్ను వేసినందుకు వాటి మొత్తంపై అదనంగా 25 శాతం పడింది. బావమరిది ముఖం ఆ రోజు చూడవలసింది. ఈ అప్‌డేటెడ్ రిటర్నుకు ఇప్పుడు నాలుగేళ్ల వరకు వ్యవధి ఉన్నా, ఏడాది గడిచేకొద్దీ అదనపు భారం 25 నుంచి 50, 60, 70 శాతాలకు పెరుగుతుంది. అందుకే ఆలస్యం చేయకుండా కట్టించారు. "నోటీసు వచ్చేదాకా ఆగుదామండీ" అని బావమరిది అంటే, "నోటీసు వస్తే ఈ దారి మూసుకుపోవచ్చు బాబూ, అప్పుడు మీరు ఇంకో లెక్కన కడతారు" అని ఆయన చెప్పిన తీరు నాకు నచ్చింది.

పాత ఏజెంటు చేసిన ఇంకో పని కూడా అప్పుడే బయటపడింది. పోర్టల్ ఖాతాలో మొబైల్ నంబరు, ఈమెయిల్ రెండూ అతనివే. శాఖ నుంచి వచ్చే సమాచారమంతా అతనికే వెళ్లింది. రిటర్నులో లోపం ఉందని నోటీసు వస్తే సరిచేసుకోవడానికి సాధారణంగా 15 రోజులే ఇస్తారు కనుక ఇది చిన్న సంగతి కాదు. మీ రిటర్నులు ఎవరు వేస్తున్నా సరే, పోర్టల్‌లో ఉన్న ఫోను నంబరు ఎవరిదో ఈ రోజే చూసుకోవాలని తోటి వ్యాపారులను గట్టిగా కోరుతున్నాను. ఈ కార్యాలయంలో నంబరూ ఈమెయిలూ ఖాతాదారువే పెట్టిస్తారు, పాస్‌వర్డ్ ఖాతాదారు చేతనే మార్పిస్తారు. రిటర్ను వేసిన తరువాత 30 రోజుల్లో చేయవలసిన ఈ-వెరిఫికేషన్‌ను మన ఎదుటే ఆధార్ ఓటీపీతో అప్పటికప్పుడు ముగిస్తారు.

లోపాలు లేవని కాదు. గడువు దగ్గరపడిన రోజుల్లో ఫోను ఎత్తరు. 2025లో గడువును జూలై 31 నుంచి సెప్టెంబరు 15కు, చివరకు ఇంకొక రోజు 16కు పొడిగించినప్పుడు, పొడిగింపు ఉంది కదా అని ముందే కాగితాలిచ్చిన మావంటివారి పని కూడా వెనక్కి జరిగింది. ఇచ్చిన కాగితాలకు రసీదు ఇవ్వరు. నా కొనుగోలు బిల్లుల ఫైలు ఒకటి వారి అలమరలోనే వేరే ఖాతాదారు సంచిలో దొరికింది. ఆదాయ గణన పత్రం ఇంగ్లీషులోనే ఇస్తారు. నోటితో చక్కగా విడమరిచి చెబుతారు కానీ, ఇంటికి వెళ్లాక ఆ కాగితం చూసి ఏ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో గుర్తుచేసుకోవడం తెలుగు మాత్రమే చదివే వ్యాపారికి సాధ్యం కాదు. అన్నిటికన్నా నాకు కోపం తెప్పించింది ముందస్తు పన్ను విషయం. 44ఏడీ కింద ఉన్నవారు ఏడాది పన్ను మొత్తాన్ని మార్చి 15లోగా ఒకేసారి కట్టాలి. 2025 మార్చిలో వారి నుంచి ఆ కబురు 15 దాటిన తరువాత వచ్చింది. పడిన వడ్డీ ఆరు వందల చిల్లరే అయినా, అంత జాగ్రత్తగా ప్రశ్నలు అడిగే చోట ఒక సందేశం సమయానికి పంపలేకపోవడం మింగుడుపడలేదు. యజమాని ఆ మొత్తాన్ని ఫీజులో తగ్గించారు. మరుసటి ఏడాది ఫిబ్రవరి ఆఖరులోనే వాట్సాప్‌లో సందేశం వచ్చింది.

ఫీజు నాకు 3,000, పుస్తకాలు రాయవలసి ఉన్నందున బావమరిదికి 9,000, దానిపై జీఎస్టీ అదనం. జీతం, బ్యాంకు వడ్డీ తప్ప మరే ఆదాయం లేనివారికి ఇంత ఖర్చు దండుగ, పోర్టల్‌లో వారే వేసుకోవచ్చు. టర్నోవరు ఇరవై ముప్పై లక్షలకు మించని, అంతా యూపీఐ మీదే నడిచే చిన్న దుకాణానికి కూడా ఇంత ఫీజు అవసరం కనిపించదు. అప్పు అమ్మకాలు, క్యాష్ క్రెడిట్ లోను, కమీషన్ ఆదాయం, భాగస్వామ్యం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఈ తరహా కార్యాలయాన్ని వెతుక్కోవాలి. కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. 2025-26 ఆదాయానికి మాత్రం పాత చట్టం సెక్షన్లే వర్తిస్తాయి. అలాంటి కార్యాలయానికి వెళ్లేటప్పుడు మార్చి 31 నాటి సరుకు నిల్వ జాబితా, అన్ని ఖాతాల బ్యాంకు స్టేట్‌మెంట్లు, జీఎస్టీ రిటర్నులు, బాకీదార్ల పట్టిక పట్టుకెళ్లండి.