టిక్కా రైఫిల్లో 143 గ్రెయిన్ ఈఎల్‌డీ-ఎక్స్: బుల్లెట్ మంచిదే, 500 గజాలంటే మాత్రం నాకంత సీన్ లేదు

ముందే చెప్తున్నా, ఇది టెక్సస్‌లో అడవి పందుల వేటకి నేను వాడే రైఫిల్, బుల్లెట్ ఎంత దూరం దాకా పనికొస్తాయో చూసుకున్న సంగతి. ఇండియాలో 1972 వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చాక మామూలు జనానికి వేట నేరం, కాబట్టి మా ఊళ్లో ఫలానా వాళ్ల దగ్గర నాటు తుపాకీ ఉందని ఇది చదివి ఎవరూ ఉత్సాహపడొద్దు. టెక్సస్‌లో పందులకి సీజన్ లేదు, పరిమితి లేదు, ఒక్క రాత్రిలో చేనంతా దున్నేసి పోతాయి. 2019 సెప్టెంబర్ నుంచి సొంత భూముల్లో, యజమాని ఒప్పుకుంటే, పందికి హంటింగ్ లైసెన్సు కూడా అక్కర్లేదు. హెచ్1బీ మీదున్న తమ్ముళ్లు ఇక్కడే దొరికిపోతారు! పందికి రాష్ట్రం లైసెన్సు అడక్కపోయినా, వీసా మీదున్నవాళ్ల చేతిలో తుపాకీ ఉండాలంటే మామూలుగా ఫెడరల్ చట్టం ఆ హంటింగ్ లైసెన్సే అడుగుతుంది. తీసేసుకోండి, పెద్ద ఖర్చేం కాదు.

ఇక సరుకు సంగతి. రైఫిల్ టిక్కా టీ3ఎక్స్ లైట్, 6.5 క్రీడ్‌మూర్ అనే రకం తూటా పట్టేది, ఫిన్లాండ్‌లో సాకో వాళ్లు చేసేది. బ్యారెల్ మార్చలేదు, ట్రిగ్గర్ ముట్టుకోలేదు, కొన్నది కొన్నట్టే వాడుతున్నా. తూటా హార్నడీ వాళ్ల ప్రెసిషన్ హంటర్, అందులో బుల్లెట్, అంటే తూటాలోంచి దూసుకెళ్లే ముక్క, 143 గ్రెయిన్ల ఈఎల్‌డీ-ఎక్స్. 143 గ్రెయిన్లంటే మన లెక్కలో 9.3 గ్రాములు, తులానికి కాస్త తక్కువ. 20 తూటాల డబ్బా 40 డాలర్ల పైమాటే, అందుకే ఇంకా కొనేముందు నాలుగు రకాలుగా పరీక్ష చేయాల్సొచ్చింది. ఈ బుల్లెట్ ముక్కు ఎర్రటి ప్లాస్టిక్‌ది. అంతకుముందు వాడే ప్లాస్టిక్ ముక్కులు గాలి రాపిడి వేడికి దారిలోనే కరిగి ఆకారం పోగొట్టుకుంటున్నాయని హార్నడీ వాళ్లు ఎగిరే బుల్లెట్ వేగాన్ని కొలిచే డాప్లర్ రాడార్‌తో చూసి, వేడికి తట్టుకునే ప్లాస్టిక్ పెట్టారు. దూరం పోయేకొద్దీ ఆ తేడా తెలుస్తుందని వాళ్ల మాట.

మొదటి రెండు డబ్బాలు నేను వృథా చేశాను, తప్పు బుల్లెట్‌ది కాదు. 100 గజాల దగ్గర మొదటి మూడు పక్కపక్కనే పడ్డాయి, తర్వాతి మూడు ఎడమకి మూడు అంగుళాలు, ఆ తర్వాతివి ఇంకెక్కడో. ఇంటికొచ్చి రాత్రంతా ఈ బుల్లెట్‌ని తిట్టుకున్నా. తీరా చూస్తే గురి చూసే దుర్భిణి, అదే స్కోప్‌ని పట్టుకునే రింగుల స్క్రూలు రెండు చేత్తో తిప్పితే తిరుగుతున్నాయి. షాపులో బిగించి ఇచ్చినవే కదా అని నేను చూసుకోలేదు. ఏ షాపో చెప్పను, స్క్రూ బిగించే టార్క్ రెంచి మాత్రం ఆ వారమే కొన్నా. మీ రైఫిల్ కూడా ఉన్నట్టుండి పిచ్చిగా కొడుతుంటే ముందు అక్కడ చూడండి.

బిగించాక లెక్క మారింది. 100 గజాల దగ్గర మూడు తూటాల గ్రూపు, అంటే కాగితం మీద చిల్లుల మధ్య ఎడం, 0.8 అంగుళం. టిక్కా కూడా మూడు తూటాలకి సుమారు అంగుళం లోపు అని గ్యారంటీ ఇస్తుంది కాబట్టి మాట నిలబెట్టుకున్నట్టే. కానీ మూడు తూటాలతో ఏదీ తేలదండీ, అది లాటరీ. పది కొట్టి చూస్తే ఒకటిన్నర అంగుళం అయింది, నా దృష్టిలో అదే ఈ రైఫిల్ అసలు మొహం. పైగా బ్యారెల్ సన్నం, ఐదు తూటాలకే చెయ్యి పెట్టలేం, ఆగి ఆగి కొట్టాలి. పంది మనకి పది ఛాన్సులు ఇవ్వదు కాబట్టి నేను ఇంకో పని చేశా. అదే కాగితం మీద, ఐదు వేర్వేరు రోజుల పొద్దున్నే, చల్లటి బ్యారెల్‌తో ఒక్కొక్క తూటా కొట్టి ఇంటికొచ్చేశా. ఐదూ కలిపి అంగుళంన్నర లోపే ఉన్నాయి. నన్ను ఒప్పించింది ఆ కాగితమే.

వేగం కొలవడానికి ఫ్రెండ్ దగ్గర చిన్న రాడార్ యంత్రం అడిగి తెచ్చా. డబ్బా మీద సెకనుకి 2,700 అడుగులు అని ఉంటుంది, నాకు సగటున 2,668 వచ్చింది, ఫరవాలేదు. అన్నిటికంటే మెల్లగా పోయినదానికీ వేగంగా పోయినదానికీ మధ్య సెకనుకి 50 అడుగుల తేడా ఉంది. 200 గజాల దగ్గర అది కనిపించనే కనిపించదు, 500 దగ్గర మాత్రం రెండున్నర మూడు అంగుళాలు పైకో కిందకో జరుగుతుంది.

అసలు మజా పాల డబ్బాలతో వచ్చింది. పెరుగు తోడుకే మా ఇంట్లో వారానికి రెండు గ్యాలన్ల పాలు కావాలి, రెండు నెలలు ఖాళీ డబ్బాలు పారేయనివ్వలేదు. తగిలాక బుల్లెట్ ఎలా విచ్చుకుంటుందో చూద్దామని, పొలంలో పశువుల నీళ్ల తొట్టి దగ్గర వాటిని నీళ్లతో నింపి, వరసగా పేర్చి, మొదట 50 గజాల నుంచి కొట్టా. మొదటి డబ్బా ఉందా లేదా అన్నట్టు పేలిపోయింది, బుల్లెట్ ఐదో దాంట్లో దొరికింది, పుట్టగొడుగులా విచ్చుకుని. మా ఆవిడ బంగారం తూచుకునే చిన్న కాటా మీద పెడితే 5.1 గ్రాములు. అంటే దాదాపు సగం దారిలోనే రాలిపోయింది. దగ్గర్లో 50 నుంచి 60 శాతమే మిగులుతుందని కంపెనీవాళ్లే చెప్తారు, కాబట్టి మోసమేం లేదు, కానీ దగ్గర నుంచి పంది జబ్బ మీద కొడితే ఆ పక్క మాంసం కూరకి పనికిరాదని ముందే అనుకోండి.

400 గజాల నుంచి అదే పని చేయడం నరకం. ఏడు సార్లు నింపి పేర్చాం, ఏడు సార్లూ కొట్టాం, డబ్బాల్లో మిగిలిన బుల్లెట్లు మూడంటే మూడు. మిగతావి పక్కనుంచి చీల్చుకుని మట్టిలోకి పోయాయి. దొరికిన మూడూ మాత్రం విచ్చుకున్నాయి, తూచితే 7.8, 7.9, 8 గ్రాములు. దూరంలో వేగం తగ్గాక కూడా ముక్కు వెనక్కి నొక్కుకుని బుల్లెట్‌ని తెరుస్తుందన్నది నిజమే. నీళ్లు మాంసం కాదు, ఆ మాట ఒప్పుకుంటా.

మరి 500 గజాల సంగతి? బుల్లెట్‌కి దమ్ముంది, నాకే లేదు. స్కోప్‌ని 200 గజాల దగ్గర సరిగ్గా తగిలేలా సెట్ చేసుకుంటే 500 దగ్గరకి దాదాపు నాలుగడుగులు కిందకి దిగుతుంది. దిగేది లెక్క కట్టొచ్చు, గాలి అలా కాదు. గంటకి 10 మైళ్ల అడ్డగాలి ఉంటే అక్కడికి సుమారు అడుగున్నర పక్కకి తోస్తుంది, టెక్సస్‌లో ఆ గాలి లేని మధ్యాహ్నం ఎప్పుడు? మా బాబు బర్త్‌డేకి మిగిలిన పేపర్ ప్లేట్లు పెట్టి, బెంచీ లేకుండా, బ్యాగు మీద రైఫిల్ ఆనించి కొట్టా. 300 దగ్గర పదికి పది తగిలాయి. 400 దగ్గర ఏడు. 500 దగ్గర నాలుగు. పంది గుండె, ఊపిరితిత్తుల చోటు ఆ ప్లేటుకంటే పెద్దదేం కాదు, తప్పిన ఆరు తూటాలంటే పొట్ట చీలి రెండు రోజులు పొదల్లో పడి చచ్చే పందులు. కాబట్టి నా హద్దు 300, గాలి లేకపోతే 350.

కాలిఫోర్నియా వాళ్లకి ఒక మాట: ఇందులో సీసం ఉంది, అక్కడ 2019 జూలై 1 నుంచి వేటకి సీసం తూటాలు నిషేధం. మీరు పూర్తి రాగి బుల్లెట్ చూసుకోవాలి. అవి మాంసం తక్కువ పాడుచేస్తాయి, కాకపోతే తెరుచుకోవడానికి వేగం కాస్త ఎక్కువ అడుగుతాయి.

మొన్న జనవరిలో 230 గజాల దగ్గర ఒక ఆడ పంది, పక్కకి తిరిగి నిలబడింది. ఒక్కటే తూటా, ముప్పై అడుగులు పరిగెత్తి పడిపోయింది. తోలు తీస్తుంటే అవతలి పక్క చర్మం కింద బుల్లెట్ గట్టిగా తగిలింది. కడిగి తూచితే 6.4 గ్రాములు. ఆ కాటా ఇక నువ్వే ఉంచుకో, నా గాజులు దాని మీద పెట్టను అనేసింది మా ఆవిడ.