ఊరి చర్చలకు వాట్సాప్ మేలా, టెలిగ్రామ్ మేలా?

కర్నూలులో మా మిత్రబృందం నడుపుకొనే చర్చల గ్రూపును ఈ సంక్రాంతికి వాట్సాప్ నుంచి టెలిగ్రామ్‌కు మార్చుకున్నాము. అప్పటి నుంచి కె.సి. కెనాల్ గట్టున ఉదయం నడకకు వచ్చే పరిచయస్తులు మొదలుకొని ఆదోని, నంద్యాలలో ఇటువంటి గ్రూపులే నడుపుతున్న మిత్రుల వరకు అందరూ అడుగుతున్నది ఒకటే మాట: "చక్కగా నడుస్తున్నదాన్ని ఎందుకు కదిలించినారు సార్? ఇంతకీ ఏది మేలు?" ఎదురైన ప్రతివారికీ సగం సగం చెప్పి తప్పించుకోవడం కన్నా, మేము చూసిన లాభనష్టాలను ఒకచోట రాయడం మంచిదనిపించింది.

మా గ్రూపు ఎలాంటిదో చెబితే తప్ప నా తూకం అర్థం కాదు. అధ్యాపకులు, బ్యాంకు ఉద్యోగులు, విద్యుత్ శాఖలో పనిచేసి విరమించినవారు, ఇంజనీరింగ్ చదువుతున్న కుర్రవాళ్లు, ఇద్దరు న్యాయవాదులు కలిసి అరవై నాలుగు మందిమి. ఓర్వకల్లు డ్రోన్ సిటీ వల్ల మన పిల్లలకు దక్కే ఉద్యోగాలేమిటి, విశాఖపట్నంలో గూగుల్ పెడతానంటున్న డేటా సెంటర్‌కు నీళ్లు ఎక్కడివి, కర్నూలుకు హైకోర్టు బెంచి ఎప్పటికి వస్తుంది వంటివి మా రోజువారీ విషయాలు. శుభాకాంక్షల కోసమో, అపార్ట్‌మెంటు నీటి ట్యాంకు కోసమో నడిచే గ్రూపుకు ఈ తూకం అక్కర లేదు. దానికి వాట్సాప్ చాలు.

వాట్సాప్‌కు ఉన్న అసలు బలం అది అప్పటికే అందరి ఫోన్లలో ఉండటం. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం 161 సేవలతో 'మన మిత్ర'ను వాట్సాప్‌లోనే ప్రారంభించిన తరువాత, అంతవరకు దాని జోలికి పోనివారు కూడా ఏదో ఒక ధ్రువపత్రం కోసమో, బిల్లు కోసమో దాన్ని పెట్టుకోవలసి వచ్చింది. కొత్త యాప్ దించుకొమ్మని, ఓటీపీ చెప్పమని అరవై ఏళ్లు దాటినవారిని అడగడం ఎంత కష్టమో నాకు ఈ సంక్రాంతికే తెలిసింది. పైగా ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని వారికి నూరిపోసినవాళ్లమూ మేమే.

రెండవ బలం గోప్యత. 2016 నుంచి వాట్సాప్‌లోని వ్యక్తిగత సందేశాలకూ గ్రూపు సందేశాలకూ ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉన్నది. అంటే పంపినవారి ఫోనూ అందుకున్నవారి ఫోనూ తప్ప మధ్యలో ఎవరూ, కంపెనీ సహా, ఆ మాటను చదవలేరు. టెలిగ్రామ్‌లో ఈ రక్షణ ఇద్దరి మధ్య జరిగే రహస్య సంభాషణలకు మాత్రమే లభిస్తుంది, గ్రూపులకు లేదు. అక్కడి గ్రూపు సందేశాలన్నీ కంపెనీ సర్వర్లలోనే ఉంటాయి, వాటి తాళంచెవులూ కంపెనీ దగ్గరే ఉంటాయి. చాలామంది ఈ విషయంలో తలకిందులుగా నమ్ముతున్నారు. 2021 జనవరిలో వాట్సాప్ గోప్యతా విధానం మార్చుతున్నదన్న గగ్గోలు రేగినప్పుడు 'భద్రత కోసం' టెలిగ్రామ్‌కు వెళ్లినవారు నిజానికి గట్టి తాళం ఉన్న ఇంటి నుంచి తాళంచెవి యజమాని దగ్గరే ఉండే ఇంటికి మారారు. కాబట్టి ఇంటి గుట్టు, ఆరోగ్యం, కార్యాలయ రహస్యం మాట్లాడుకొనే గ్రూపులు టెలిగ్రామ్‌కు పోకూడదు. మా గ్రూపులో అటువంటివేమీ లేవు. మేము అనే మాటలు రాజ్‌విహార్ కూడలిలో నిలబడి గట్టిగా అనదగినవే.

ఇంత చెప్పి కూడా మేము ఎందుకు మారాము అంటే, నా దృష్టిలో చర్చల గ్రూపుకు ప్రాణం వంటి లక్షణం ఒకటున్నది: నిన్న అన్న మాట నేడు దొరకాలి. వాట్సాప్‌లో అది దొరకదు.

పిన్నాపురం సంగతి తీసుకోండి. జిల్లాలు విడిపోయాక అది నంద్యాల జిల్లాలోకి పోయింది గాని మేము ఇంకా మనదనే అంటాము. అక్కడి పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు గురించి వార్త వచ్చిన ప్రతిసారీ గ్రూపులో ఎవరో ఒకరు, "నీళ్లు పైకి ఎక్కించడానికి అయ్యే కరెంటు కన్నా కిందికి దించినప్పుడు వచ్చే కరెంటు తక్కువ కదా, మరి ఇందులో లాభమేమిటి?" అని అడిగేవారు. సందేహం న్యాయమైనదే. విద్యుత్ శాఖలో పనిచేసి విరమించిన మా మిత్రుడొకరు మొదటిసారి ఓపికగా రెండు పేజీల సమాధానం రాశారు. ఎక్కించడానికి వాడిన కరెంటులో సుమారు 70 నుంచి 80 శాతమే తిరిగి వస్తుందని, అయితే పగటిపూట సౌర విద్యుత్తు అవసరానికి మించి ఉత్పత్తి అయినప్పుడు నీళ్లు ఎక్కించి, దీపాలు వెలిగే వేళకు దించితే ఆ నష్టాన్ని భరించడం దండగ కాదని, గని, శకునాల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఉన్న మన ప్రాంతానికి ఈ లెక్క మరింత నప్పుతుందని చక్కగా వివరించారు. మూడు నెలల తరువాత కొత్తగా చేరిన కుర్రవాడు అదే ప్రశ్న అడిగాడు. ఆయన మళ్లీ రాశారు. వేసవిలో మూడవసారి కాస్త విసుగుతో నాలుగు వాక్యాలు రాశారు. నాలుగవసారి ఏమీ రాయలేదు, అప్పుడు ఆ ఖాళీని ఎవరో యూట్యూబ్‌లో చూసిన 'కుంభకోణం' వీడియో నింపింది.

ఇందులో అడిగినవారి తప్పేమీ లేదు. వాట్సాప్ గ్రూపులో కొత్తగా చేరినవారికి కథ తాము చేరిన రోజు నుంచే మొదలవుతుంది. అంతకు ముందుది కావాలంటే ఎవరైనా పనిగట్టుకొని పంపాలి. ముఖ్యమైన సందేశాన్ని పైన పిన్ చేద్దామంటే ఒకేసారి మూడింటికి మించి కుదరదు, ఎక్కువలో ఎక్కువ ముప్పై రోజులే నిలుస్తుంది. పాత సభ్యులైనా ఫోను మార్చినప్పుడు బ్యాకప్ సరిగా లేకపోతే అంతా పోయినట్టే. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆ బ్యాకప్‌ను కూడా 2024 నుంచి గూగుల్ వారు ఖాతాకు ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే లెక్కిస్తున్నారు గనుక, చాలామంది స్థలం చాలక దాన్ని ఆపేసి కూర్చున్నారు.

టెలిగ్రామ్‌లో పాత సందేశాలు కొత్త సభ్యులకు కనబడేటట్టు అడ్మిన్ ఒక సెట్టింగ్ మార్చితే చాలు, మొదటి రోజు నుంచి జరిగిన చర్చ మొత్తం నిన్న చేరినవారికీ అందుతుంది. ఎన్నింటినైనా పిన్ చేయవచ్చు, వాటికి గడువు లేదు. అన్నింటికన్నా నన్ను ఆకట్టుకున్నది, గ్రూపులోని ప్రతి సందేశానికీ విడిగా ఒక లింకు ఉండటం. ఇప్పుడు పిన్నాపురం ప్రశ్న వస్తే మా మిత్రుడు ఆ పాత సమాధానం లింకును అక్కడ పెట్టి కాఫీకి వెళ్లిపోతున్నారు. మొన్న ఒక కుర్రవాడు ఆ లింకు నొక్కి, సమాధానం చదివి, దాని కిందనే ఆవిరైపోయే నీటి లెక్క ఎక్కడ అని అడిగాడు. మా గ్రూపు పుట్టిన తరువాత ఒక చర్చ మొదటి మెట్టు దగ్గర ఆగకుండా రెండవ మెట్టు ఎక్కడం అదే మొదటిసారి.

మరొక ఉదాహరణ చెప్పడానికి మనసు ఒప్పదు గాని చెప్పక తప్పదు. 2025 అక్టోబరు 24న తెల్లవారకముందే చిన్నటేకూరు దగ్గర జాతీయ రహదారి మీద ప్రైవేటు బస్సు కాలిపోయిన ఘోరం ఈ ఊరివారెవరూ మరచిపోలేదు. ఆ ఉదయం మా వాట్సాప్ గ్రూపులో గంట లోపలే షార్ట్ సర్క్యూట్ అని ఒకరు, ఏసీ పేలిందని ఒకరు, డీజిల్ ట్యాంకు అని మరొకరు నిర్ధారణగా పెట్టారు. బైకు ఒకటి బస్సు కింద చిక్కుకొని ఈడ్చుకుపోవడంతో మంటలు రేగాయని, లగేజీలో ఉన్న మొబైల్ ఫోన్లు ఆ మంటలను మరింత పెంచాయని తరువాతి వార్తలు చెప్పాయి. లిథియం బ్యాటరీలను ప్రయాణికుల కింద సరుకుగా వేసుకొని పోవచ్చునా అన్నది అప్పుడు మేము మాట్లాడుకోవలసిన విషయం. మాట్లాడుకున్నాము కూడా. కాని నెల తిరిగేసరికి మొదటి గంటలో పెట్టిన తప్పు సందేశాలు స్క్రీన్‌షాట్లుగా వేరే గ్రూపుల్లో తిరుగుతూనే ఉన్నాయి. వాటిని సరిదిద్దిన మాటలు మాత్రం వేల సందేశాల అడుగున పడి మాకే దొరకలేదు. వాట్సాప్‌లో పెట్టిన సందేశాన్ని పదిహేను నిమిషాల లోపలే దిద్దగలము, ఆ తరువాత మిగిలేది తొలగించడమే, దానికీ రెండు రోజుల చిల్లర గడువు. టెలిగ్రామ్ గ్రూపులో దిద్దుకోవడానికి నలభై ఎనిమిది గంటలున్నది. వార్త నిలకడకు రావడానికి ఇంచుమించు అంత సమయమే పడుతుంది.

అయితే నా వాదానికి అడ్డువచ్చే సంగతి ఒకటి దాచకుండా చెప్పాలి. వాట్సాప్‌లో ఒక మాటను తొలగిస్తే, తొలగించారన్న గుర్తయినా అక్కడ మిగులుతుంది. టెలిగ్రామ్‌లో ఆనవాలు కూడా మిగలదు. అడ్మిన్లకు మాత్రం రెండు రోజుల పాటు చిట్టాలో కనబడుతుంది. నిన్నటి మాట దొరకాలని పట్టుబట్టే నావంటివానికి ఇది మింగుడుపడదు. అందుకని, ఎవరి వాదానికి బదులిస్తున్నామో ఆ వాక్యాన్ని కోట్ చేసి మరీ బదులివ్వాలని మాలో మేము నియమం పెట్టుకున్నాము. సగం మంది పాటిస్తున్నారు.

పుకార్ల విషయంలో కూడా వాట్సాప్‌కే ఒక మార్కు ఎక్కువ వేయాలి. 2018 వేసవిలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న సందేశాలు మన పల్లెల్లో ఎంత భయం పుట్టించాయో, ఊరికి కొత్త మనిషి కనబడితే ఏమి జరిగేదో గుర్తున్నవారికి వేరే చెప్పనక్కరలేదు. తుంగభద్ర దాటితే వచ్చే గద్వాలలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూరా తిప్పి, జానపద కళాకారుల చేత పాటలు కట్టించి ఆ అబద్ధాన్ని ఎదుర్కొన్నారు. ఆ జులైలోనే వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది. 2020లో బాగా చేతులు మారిన సందేశాలకు ఆ పరిమితిని ఒక్క చాట్‌కు తగ్గించింది. టెలిగ్రామ్‌లో ఇంత గట్టి పట్టు లేదు. ఛానెల్‌కు సభ్యుల పరిమితే లేదు, గ్రూపులో రెండు లక్షల మంది దాకా చేరవచ్చు, ఫోను నెంబరు దాచుకొని మారుపేరుతో తిరగవచ్చు. 'ఇంట్లో కూర్చొని టాస్కులు చేయండి, రోజుకు వేలు సంపాదించండి' అనే మోసగాళ్లకు, పత్రికల పీడీఎఫ్‌లను దొంగతనంగా పంచేవారికి అది నీడపట్టు అయింది. దినపత్రికల ఈ-పేపర్లను పంచుతున్న ఛానెళ్ల మీద 2020లో ఢిల్లీ హైకోర్టు ఆదేశం ఇవ్వవలసి వచ్చింది కూడా.

ఈ కారణంగా టెలిగ్రామ్‌లోకి పోదలచినవారు ముందుగా రెండు తలుపులు వేసుకోవాలి. గ్రూపు బయటివారికి కనబడకూడదు, సభ్యులు సొంత పేర్లతో ఉండాలి. మా దగ్గర మారుపేరుతో వచ్చిన ఒకాయన, పేరు చెప్పమనగానే వెళ్లిపోయారు. ఆయన మా సభ్యుడేనా అన్నది ఇప్పటికీ తేలలేదు. వీటితో పాటు, తెలియనివారు మిమ్మల్ని గ్రూపుల్లో చేర్చకుండా ప్రైవసీ సెట్టింగ్ మార్చుకోవడం మరువకండి. లేకపోతే తెల్లవారేసరికి షేర్ మార్కెట్ చిట్కాల గ్రూపులో తేలుతారు.

మిగిలినవాటి గురించి కూడా అడుగుతున్నారు గనుక ఒక్క మాట. సిగ్నల్ అనే యాప్ భద్రతలో అన్నింటికన్నా గట్టిది, మా అరవై నాలుగు మందిలో అది ఉన్నవారు ముగ్గురు. జోహో వారి అరట్టై 2025 శరత్కాలంలో ఒక్కసారిగా పేరు మోగినప్పుడు మేము కూడా దించుకున్నాము. అరట్టై అంటే తమిళంలో కబుర్లు, మేము అక్కడ కబుర్లు కూడా చెప్పుకోలేదు. ఎక్స్‌లో జరిగేది చర్చ కాదు.

లెక్క చూస్తే, అరవై నాలుగు మందిలో టెలిగ్రామ్‌కు వచ్చినవారు నలభై ఒక్కరు. రోజుకు రెండు వందల సందేశాల నుంచి ముప్పైకి దిగాము. గుడ్ మార్నింగ్ బొమ్మలు, ఎవరో పంపితే ఎవరో పంపినవి పోగా మిగిలినవి ఆ ముప్పై అని నేను సంతోషిస్తుంటే, గ్రూపు చప్పబడిందని మా న్యాయవాద మిత్రుడు వాపోతున్నాడు. నా ఓటు మాత్రం టెలిగ్రామ్‌కే.

పాత వాట్సాప్ గ్రూపును మూయలేదు. రక్తం కావాలన్నా, ఎవరైనా పోయిన కబురు తెలియాలన్నా అదే దారి. రాని ఇరవై ముగ్గురిలో నాకు చదువు చెప్పిన హెడ్‌మాస్టరుగారు కూడా ఉన్నారు. ఎంత బతిమాలినా, "ఆడికొస్తే నాకు పొద్దున్నే నమస్కారం ఎవరు పెడతారప్పా?" అంటారు. అందుకని ప్రతి ఆదివారం టెలిగ్రామ్‌లో ఆ వారం తేలిన విషయాలను ఒక పెద్ద సందేశంగా రాసి పాత గ్రూపులో పెడుతున్నాను. సాయంత్రానికల్లా ఆయన దాన్ని అచ్చుతప్పులు దిద్ది నాకు తిరిగి పంపుతున్నారు.